బాగ్‌బేరాలో ఒక ఫిట్టర్ ఇల్లు

హైదరాబాద్ నుంచి టాటానగర్ చేరడానికి ఇంతకంటే దగ్గరి దారులున్నాయి. నేను మాత్రం ఖరగ్‌పూర్ మీదుగానే వెళ్తాను. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి ఏ వేళకో మా ఆముదాలవలస దాటిపోతుంది. తెల్లారి కళ్లు తెరిస్తే ఒడిశా. బాలాసోర్ వచ్చేసరికి ఎండ ఎక్కుతుంది. ఖరగ్‌పూర్‌లో దిగి పడమటి వైపు పోయే బండి పట్టుకోవాలి. చుట్టుదారే. కానీ నా వృత్తికి పూర్వీకులు అనదగ్గవాళ్లు పనిచేసిన చోట్లు ఈ దారి పొడవునా ఉన్నాయి.

హైదరాబాద్ శివార్లలో పొలాలకు మందు కొట్టే డ్రోన్లు తయారుచేసే వర్క్‌షాపులో నేను సీనియర్ టెక్నీషియన్ని. ఫ్రేములు, మోటార్లు, వైర్లు, రెక్కలు డబ్బాల్లో మా దగ్గరికి వస్తాయి. గేటు దాటేటప్పుడు అవి ఎగిరే యంత్రంగా దాటాలి. ఈ మధ్యలో జరిగేదంతా మా పని. సంక్రాంతి వెళ్లాక సెలవు పెట్టి బాగ్‌బేరాలో ఉన్న మా మావయ్యను చూడ్డానికి బయల్దేరాను. ఆయన రైల్వే లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు.

బాలాసోర్ దగ్గర సముద్రం ఒడ్డున చాందీపూర్ ఉంది. క్షిపణులు పరీక్షించే చోటుగా దాని పేరు అందరికీ తెలుసు. మనిషి ఎక్కని విమానాలకూ అది పాత చిరునామాయే. బెంగళూరులోని ఏడీఈ సంస్థ తయారుచేసిన ‘లక్ష్య’ అక్కడి నుంచే లేచేది. నేల మీద నుంచి రాకెట్ తోపుతో పైకి లేస్తుంది, మన సైనికులు గురి చూసుకోవడానికి ఆకాశంలో లక్ష్యంగా తిరుగుతుంది, పని అయ్యాక పారాచూట్ విప్పుకుని నీళ్లలో దిగుతుంది. దాన్ని ఉప్పునీళ్లలోంచి తీసి, కడిగి, విప్పి, ఆరబెట్టి, మళ్లీ బిగించి ఎగరేస్తారు. ఆ బిగించిన చేతుల గురించి రాసింది నాకెక్కడా కనిపించలేదు. బండి బాలాసోర్‌లో ఆగిన ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపించడం కొత్తవాళ్లకు వింత. దానికి కారణం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. హౌరా నుంచి వాల్తేరు దాకా ఆ కంపెనీ పట్టాలే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వానలు మొహం చాటేసిన ఏడు జనం అదే బండెక్కి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి, చక్రధర్‌పూర్‌కి, టాటానగర్‌కి వచ్చి కూలీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా చేరారు. 1955లో ఆ రైల్వే ఆగ్నేయ రైల్వే అయింది. వాల్తేరు డివిజన్ కూడా 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చేదాకా దాని కిందే ఉండేది. అంటే దాదాపు వందేళ్లపాటు మావాళ్లకి ఉద్యోగం ఇచ్చే ఆఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది. మా మావయ్య తాత నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి అలాగే వచ్చాడు.

ఇదే ఖరగ్‌పూర్‌కి విమానాల చరిత్ర ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ల బి-29 బాంబర్లు మొట్టమొదట యుద్ధంలోకి దిగింది ఈ నేల నుంచే. 1944 జూన్ 5న ఈ చుట్టుపక్కల రన్‌వేల నుంచి 98 విమానాలు లేచి బ్యాంకాక్ రైల్వే వర్క్‌షాపుల మీద దాడికి పోయాయి. ఆ దళం ప్రధాన కార్యాలయం హిజ్లీలో ఉండేది. అంతకుముందు అది స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన నిర్బంధ శిబిరం. 1951లో దేశపు మొదటి ఐఐటీ తరగతులు మొదలైంది కూడా అక్కడే. ఖరగ్‌పూర్ నుంచి టాటా వైపు వెళ్తుంటే ఝార్గ్రామ్ తరవాత చాకులియా వస్తుంది. చిన్న స్టేషన్, సాల చెట్లు, ఎర్రమట్టి. ఆ బి-29లకు అదొక స్థావరం. వాటి ఆర్-3350 ఇంజన్లు విపరీతంగా వేడెక్కి గాల్లోనే అంటుకునేవి. ఛోటానాగ్‌పూర్ అంచున ఉన్న ఈ ఎండల్లో రేకు ముట్టుకుంటే చేతులు కాలేవి. మెకానిక్కులు ఆ ఎండలో ఆ ఇంజన్లే విప్పి బిగించారు. పైలట్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మెకానిక్కుల పేర్లు రిజిస్టర్లలో మిగిలాయి. బండి చాకులియాలో ఆగినంతసేపూ నేను కిటికీలోంచి ఆ చెట్ల వెనక్కి చూస్తూ కూర్చున్నాను.

‘పథేర్ పాంచాలీ’ రాసిన విభూతిభూషణ్ చివరి రోజులు గడిపిన ఘాట్‌శిల దాటితే సువర్ణరేఖ, రాగి కర్మాగారం, గుట్టలు. మరికాసేపట్లో టాటానగర్.

ఈ స్టేషన్‌కి పాత పేరు కాలీమాటి. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినప్పుడు కాలీమాటి టాటానగర్ అయింది. పట్టాలకు ఒక పక్క టాటా ఉక్కు కంపెనీ ఊరు. వెడల్పు రోడ్లు, పార్కులు, కొళాయిల్లో నీళ్లు. ఇంకో పక్క బాగ్‌బేరా. జనాభా లెక్కల్లో పట్టణం, పాలనలో పంచాయతీలు. రైల్వే క్వార్టర్లు, హౌసింగ్ కాలనీ, బస్తీలు, ఖర్కాయి నది. కంపెనీ లీజు హద్దు ఇక్కడిదాకా రాదు కాబట్టి ఆ సదుపాయాలూ రావు. వేసవిలో నీళ్ల ట్యాంకర్ కోసం బిందెల వరస, వానాకాలంలో ఖర్కాయి పొంగితే పల్లపు బస్తీల్లోకి నీళ్లు. కర్మాగారాన్నీ రైల్వేనీ నడిపిన మనుషులు ఎందరో ఇలాంటి హద్దు బయటి ఊళ్లలో కాపురం ఉన్నారు. వందేళ్లు దాటినా వాళ్ల ఇంటికి మంచినీళ్లు చేర్చడం ఒక పోరాటంగా మిగలడం అన్యాయం. ఈ మాట చెప్పకుండా బాగ్‌బేరా గురించి రాయలేను.

నేను వెళ్లేసరికి సంక్రాంతికి ఇక్కడ జరిపే టుసు పండగ సందడి ఇంకా పోలేదు. ఊరేగింపులో మోసే రంగుకాగితాల చౌడల్ ఒకటి గోడవారన నిలబెట్టి ఉంది. వీధిలో భోజ్‌పురి, బంగ్లా, ఒడియా, హో, సంతాలీ, మధ్యలో మా తెలుగు.

“ఏటిరా అల్లుడూ, బండి లేటా?” అన్నాడు మావయ్య, గేటు తీస్తూ.

“ఖరగ్‌పూర్‌లోనే కూర్చోబెట్టేశాడు మావయ్యా.”

“నువ్వు ఆ దారిన వొస్తే మరేటవుద్ది. పద, కాళ్లు కడుక్కో.”

అత్తయ్య వేడి అన్నంలో పప్పు, ఆవకాయ వేసింది. పక్కన ఇక్కడి అలవాటుగా ఆలూ చోఖా. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో ముక్కోటి ఎంత బాగా జరిగిందో చెప్పింది. వాళ్ల పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు కాస్త తగ్గింది.

సాయంత్రం పక్కింటి కుర్రాడు వచ్చాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తిచేశాడు. వాళ్లదీ విజయనగరం వైపు కుటుంబమే. నేను డ్రోన్ల పనిలో ఉన్నానని మావయ్య చెప్పినట్టున్నాడు. “భయ్యా, నేను డ్రోన్ పైలట్ అవుతా” అన్నాడు కూర్చుంటూనే. ఈ మధ్య ఎవరు కలిసినా ఇదే కోరిక. తప్పు లేదు. 2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చాక రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అనే మాట ఊరూరా పాకింది. కానీ ఆ యంత్రాన్ని పైలట్ చేతికి ఇచ్చేముందు ఎవరో ఒకరు కూర్చుని కట్టాలి. ఆ పని ఎలా ఉంటుందో చెప్పమన్నాడు మావయ్య. ఆయనకీ తెలుసుకోవాలని ఉంది.

చెప్పాను. మా దగ్గర తయారయ్యేది పది లీటర్ల ట్యాంకు మోసే ఆరు చేతుల డ్రోన్. నిండు ట్యాంకుతో కూడా బరువు 25 కిలోలు దాటకూడదు. దాటితే రూల్స్ ప్రకారం ‘స్మాల్’ తరగతి నుంచి ‘మీడియం’లోకి పోతుంది, లెక్కలన్నీ మారిపోతాయి. కార్బన్ ఫైబర్ గొట్టాల చేతులు ఫ్రేముకి బిగించడంతో పని మొదలు. ప్రతి స్క్రూకీ లాక్‌టైట్ జిగురు చుక్క, ప్రతి స్క్రూకీ కొలిచిన బిగువు. ఎక్కువ బిగిస్తే గొట్టం లోపల పొర చిట్లుతుంది, పైకి కనిపించదు. తక్కువైతే మోటార్ అదురుకి వదులవుతుంది. తరవాత టంకం. బ్యాటరీ నుంచి మోటార్లకు పోయే తీగల్లో కరెంటు చాలా ఎక్కువ. టంకం పైన మెరిసి లోపల పట్టకపోతే ఆ అతుకు వేడెక్కి గాల్లో ఊడుతుంది. అందుకే కొత్తవాళ్లకు నేను ముందుగా నేర్పేది టంకమే. ఒక అతుకు చూస్తే ఆ చెయ్యి ఓపిక గలదో కాదో తెలిసిపోతుంది.

ఆరు మోటార్లలో మూడు గడియారం ముల్లు తిరిగే వైపు, మూడు ఎదురు వైపు తిరగాలి. ఒక్కటి తారుమారైనా లేవగానే పల్టీ కొడుతుంది. ఈ పరీక్ష రెక్కలు తీసేసే చేస్తాం. బెంచీ మీద ఉన్న యంత్రానికి రెక్కలుండగా బ్యాటరీ పెట్టకూడదు. ఇందులో మినహాయింపులు లేవు, ఎంత అనుభవం ఉన్నవాడికైనా సరే. పన్నెండు సెల్‌ల లిథియం బ్యాటరీ నిండితే 50.4 వోల్టులు. వాడనప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచాలి. నిండుగా ఛార్జ్ చేసి వారాలపాటు మూల పడేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ఏ రైతు బతిమాలినా తిరిగి ఎగరనివ్వం.

ఆ తరవాత బయటి పరీక్ష. ముందు తాడు కట్టి రెండు మీటర్ల ఎత్తులో నిలబెడతాం. తాడు తీసి ఖాళీ ట్యాంకుతో, సగం నీళ్లతో, నిండు నీళ్లతో. సగం ట్యాంకు అన్నిటికంటే కష్టం, లోపల నీళ్లు ఊగుతాయి. గాల్లో ఉండగా కావాలనే రిమోట్ ఆపేస్తాం. యంత్రం తనంతట తాను లేచిన చోటికి వచ్చి దిగాలి. దిగాక లాగ్ తీసి అదురు చూస్తాం. ఆర్డూపైలట్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ చూపించే ఆ అంకె 30 లోపు ఉంటే మంచిది. 60 దాటిందంటే దాన్ని ఎగరేయడం ప్రమాదం. అంకె చూడకముందే చెవికి తెలుస్తుంది. బేరింగ్‌లో దుమ్ము చేరిన మోటార్ గొంతు మిగతా అయిదింటి కంటే పిసరంత బొంగురుగా ఉంటుంది.

ఈ మాట దగ్గర మావయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. “చక్రం గొంతు కూడా అంతేరా. గూడ్సు వొచ్చి ఆగితే మావోళ్లు సుత్తి పట్టుకుని బండి పొడుగునా నడిచేవోళ్లు. కొట్టుకుంటూ పోవడమే. బాగున్న చక్రం మోగుతాది. పగులున్నది మోగదు.”

కుర్రాడికి ఒక సందేహం వచ్చింది. “భయ్యా, అందులో మనిషి ఉండడు కదా. పడితే పార్టులు మార్చేస్తే అయిపోయె. ఇంత టెస్టింగ్ ఎందుకు?”

నేను నోరు తెరిచేలోపే మావయ్య అన్నాడు: “గూడ్సు బండిలో ప్యాసింజర్లు ఉంటారేటిరా? బొగ్గే కదా అని చక్రం కొట్టకుండా వొదిలీమా?”

ఆ జవాబుకి నేను చేర్చవలసింది ఏమీ లేకపోయింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తరవాత మాట చాండిల్ మీదికి మళ్లింది. 2024 ఆగస్టు 20న జంషెడ్‌పూర్‌లోని సోనారి విమానాశ్రయం నుంచి లేచిన రెండు సీట్ల శిక్షణ విమానం ఒకటి కనిపించకుండా పోయింది. చాండిల్ జలాశయంలో పడిందని తేలింది. నేర్పేవాడు, నేర్చుకునేవాడు ఇద్దరూ పోయారు. విమానాన్ని వెతకడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళం బృందం వచ్చింది. ఈ ఊరు ఆ వారమంతా జలాశయం కబురు కోసం ఎదురుచూసింది. మా యంత్రం పడితే అందులో ఎవరూ ఉండరు, నిజమే. కింద మిరపచేలో కలుపు తీసే ఆడవాళ్లుంటారు. పాతిక కిలోల బరువు, కత్తుల్లా తిరిగే ఆరు జతల రెక్కలు. పరీక్ష పూర్తయిందని సంతకం పెట్టేటప్పుడు నేను తలచుకునేది వాళ్లనే.

మర్నాడు ఉదయం వీధి పిల్లలు చుట్టూ చేరి డ్రోన్ ఎగరేసి చూపించమన్నారు. నా సంచిలో డ్రోన్ లేదు. ఉన్నా ఎగరేసేవాణ్ని కాదు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల్లో చెప్పే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం ఫోన్‌లో తీసి చూపించాను. పనిచేసే విమానాశ్రయం ప్రహరీ నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు నేల దగ్గర నుంచే ఆంక్షలు. అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా ఆకుపచ్చ. ఆపైన పసుపు, మళ్లీ అనుమతి కావాలి. బాగ్‌బేరా సోనారికి దగ్గర. పిల్లలకి నిరాశే అయింది. ఆ ఐటీఐ కుర్రాడు మాత్రం పటాన్ని అటూ ఇటూ జరిపి తన బంధువుల ఊళ్లన్నీ ఏ రంగులో ఉన్నాయో వెతికాడు. ఈ పనికి పనికొచ్చే లక్షణం అది.

అతన్ని తీసుకుని స్టేషన్ వైపు నడిచాను. ఫోన్‌లో దిక్సూచి తెరిచి చేతికిచ్చి, ఇనుప వంతెన దగ్గరికి వెళ్లమన్నాను. ముల్లు పక్కకి జరిగింది. వెనక్కి వస్తే సర్దుకుంది. డ్రోన్‌కి కూడా ఉత్తరం ఎటో చెప్పేది ఇలాంటి చిన్న దిక్సూచే. దాన్ని సరిచేసేటప్పుడు కారు పక్కన నిలబడినా, సిమెంటు గచ్చు కింద ఇనుప చువ్వలున్నా అది అబద్ధం నేర్చుకుంటుంది. పైకి లేచాక తాను ఉత్తరం అనుకున్న వైపు పోతుంది. అందుకే దాన్ని కరెంటు తీగలకు దూరంగా ఒక చిన్న గుంజ మీద ఎత్తుగా పెడతాం, సరిచేయడానికి ఖాళీ మైదానానికి పోతాం. ఇనుముతో కట్టిన ఊళ్లో పుట్టినవాడికి ఇది కళ్లముందే చూపించగలిగాను. పుస్తకంలో చదివి ఉంటే ఒక రోజులో మరిచిపోయేవాడు.

ఇంటికి వచ్చాక అతను అసలు ప్రశ్న అడిగాడు. “ఈ పనికి సర్టిఫికెట్ ఏది భయ్యా?”

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్న.

మనుషులు ఎక్కే విమానాన్ని బాగుచేసి, ‘ఇది ఎగరవచ్చు’ అని సంతకం పెట్టాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఇంజనీర్ లైసెన్సు ఉండాలి. డ్రోన్ నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. డ్రోన్ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ ఉంది. ఆ మోడల్‌ని రోజూ కట్టి, పరీక్షించి, పాడైతే బాగుచేసే మనిషికి 2021 రూల్స్‌లో లైసెన్సు లేదు. ఐటీఐల్లో డ్రోన్ టెక్నీషియన్ కోర్సులు వచ్చాయి, మంచిదే. కానీ కోర్సు సర్టిఫికెట్ వేరు, ‘ఈ సంతకానికి నేను జవాబుదారీ’ అనిపించే లైసెన్సు వేరు.

ఈలోగా పని కొండలా పెరుగుతోంది. తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. విడిభాగాలు తెచ్చుకోవచ్చు, కట్టడం ఇక్కడే జరగాలి. హైదరాబాద్‌లో 2018 డిసెంబరులో మొదలైన అదానీ-ఎల్‌బిట్ కర్మాగారం నుంచి 36 గంటలు గాల్లో ఉండగల దృష్టి-10 విమానం 2024 జనవరిలో నౌకాదళం కోసం బయటికొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి వెలిగాయి, గిన్నిస్ రికార్డులొచ్చాయి. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు. నమో డ్రోన్ దీదీ కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని పథకం. ఇవన్నీ నాకు సంతోషమే. అయితే మందు కొట్టే అదును కొద్ది రోజులే. ఆ రోజుల్లో ఒక మోటార్ ఆగిపోతే ఆ సంఘంలోని అక్క యంత్రాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి? వంద కిలోమీటర్ల లోపు చెయ్యి తిరిగిన టెక్నీషియన్ లేకపోతే ఆ డ్రోన్ అటక ఎక్కుతుంది. పైలట్లను లెక్కపెట్టినట్టే టెక్నీషియన్లను కూడా జిల్లాల వారీగా లెక్కపెట్టాలి.

మా మావయ్య తరానికి చదువు తక్కువ. కానీ షెడ్డులో ఇంజన్ బయటికి వదిలేముందు ఎవరు ఏం చూశారో పుస్తకంలో రాసి సంతకం పెట్టేవారు. ఆ సంతకానికి విలువుండేది, జీతంలో మెట్లుండేవి, పింఛను వచ్చేది. ఆయన తాత గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు, ఆయన ఫిట్టర్ అయ్యాడు. మూడు తరాల్లో ఒక ఇల్లు నిలబడింది. మా రంగంలో చాలా వర్క్‌షాపుల్లో టెక్నీషియన్లది కాంట్రాక్టు బతుకు. చెయ్యి తిరిగే వేళకి వేరే పనికి పోతారు. వాళ్లతోపాటు నేర్చిందీ పోతుంది.

తిరుగు ప్రయాణం రోజు ఆ కుర్రాడికి నా ఫోన్ నంబరు ఇచ్చాను. ముందు టంకం నేర్చుకోమన్నాను. పాత బోర్డులు తెచ్చుకుని విప్పి అతకమన్నాను. పైలట్ సర్టిఫికెట్‌కి డబ్బులు కట్టేముందు ఒకసారి మా వర్క్‌షాపు చూసి పొమ్మన్నాను. వస్తానన్నాడు.

పౌర విమానయాన శాఖకి నా విన్నపం ఒకటే. డ్రోన్లు కట్టి పరీక్షించేవాళ్లకు, బాగుచేసేవాళ్లకు లైసెన్సు పెట్టండి. పరీక్ష తెలుగులోనూ హిందీలోనూ రాయనివ్వండి. సగం చేతిపనితో, సగం కాగితంతో పెట్టండి. ఓర్వకల్లులో కర్మాగారాలకు స్థలం ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట: అక్కడ పనిచేసే టెక్నీషియన్ల ఇళ్లకు, నీళ్లకు కూడా హద్దు లోపలే చోటు చూపించండి.